భుజం మీద చెయ్యి

"వెనుక కూసున్నోళ్ళకు మాట్లాడే పనేముంటదే? బండి నడిపేటోనికి ఒక్కటుంటే సాలదా?" అన్నాడు సోమలింగం, కూతురి చేతిలోని ఫోనులో హెల్మెట్లకు బిగించే మైకుల బొమ్మలు చూస్తూ.

ఆదివారం పొద్దున తొమ్మిదైంది. పద్మారాణి గోడకు ఆనుకుని చాప మీద కూర్చుని, ఒళ్ళో చీర తిరగేసుకుని, ఎంబ్రాయిడరీ వెనుక వేలాడే దారాలు కత్తిరిస్తోంది. సూరత్ నవాగామ్‌లో వాళ్ళ గల్లీ ఆడవాళ్ళందరి చేతిలోనూ ఉండే పని అదే. మార్కెట్ నుంచి చీరల మూటలు వస్తాయి. దారాలు తెంపి, మడతపెట్టి సాయంత్రానికి తిరిగి పంపాలి. దాన్ని ఎవరూ ఉద్యోగం అనరు. ఇంట్లో ఖాళీగా కూర్చునే బదులు ఏదో ఒకటి అంటారు. ఆ ఖాళీగా కూర్చున్న మనిషి పొద్దున ఐదింటికి లేచింది మొదలు నడుం వాల్చలేదన్న సంగతి మాత్రం ఎవరికీ పట్టదు.

"ఒక్కటి తీసుకుంటే నీకు పాటలొస్తయ్ బాపూ, ఫోనొస్తది, గంతే. జోడి తీసుకుంటే మనిద్దరం మాట్లాడుకుంట పోవచ్చు. దాన్నే ఇంటర్‌కామ్ అంటరు" అంది హారతి, ఫోను మీంచి తలెత్తకుండా.

పద్మారాణి కత్తెర పక్కన పెట్టింది. భర్త మొహంలోకి చూస్తూ, ఒక్కో మాటా నోరు తెరిచి, నిదానంగా అంది. "ఏందీ? ఒక్కటైతే పాటలేనా? జోడైతేనే ఇద్దరు మాట్లాడుకునుడా?"

"అమ్మా, నేను చెప్పిందే మళ్ళ చెప్తవేందే? ఇంట్ల చిలకను పెంచినట్టుంది" అని తలెత్తి విసుక్కుంది హారతి.

"మీ అమ్మకు ఒకటికి రెండుసార్లు అనుకుంటేనే మెదడుకెక్కుతది" అని నవ్వాడు సోమలింగం. నవ్వడం అయ్యాక కూతురి వైపు తిరిగాడు. "జోడే తీసుకుందం తియ్ బిడ్డా. మాట్లాడుకుంట పోదం."

పద్మారాణి మళ్ళీ కత్తెర అందుకుంది. ఇందులో ఆమెకు కొత్తేమీ లేదు. మొద్దు అనే పేరు ఆమెకు ఎనిమిదేళ్ళుగా ఉంది. కొత్తది ఒక్కటే. హారతికి అమ్రోలిలో ఒక చీరల గోదాములో ఉద్యోగం వచ్చింది, ఆన్‌లైన్లో అమ్మే చీరల ఫొటోలు ఎక్కించే పని. రేపు సోమవారం నుంచే చేరాలి. అక్కడికి రెండు ఆటోలు మారి, తాపీ నది వంతెన దాటి పోవాలి. నలుగురిలో మాట వచ్చినప్పుడు సోమలింగం గొప్పగా, "ఆటోలెందుకు, రోజు నేనే దింపుత" అనేశాడు. ఆ మాట విన్నప్పటి నుంచి హారతి కాళ్ళు నేల మీద లేవు. పద్మారాణికి అన్నం సయించడం లేదు.

ఎందుకంటే సోమలింగానికి చెవులు వినపడవు.

పదహారో ఏట సిరిసిల్ల దిక్కు నుంచి సూరత్ వచ్చినవాడు ముప్పై ఏళ్ళుగా సాంచాల, అంటే మరమగ్గాల, మధ్యే బతికాడు. నూరు సాంచాలు ఒక్క కప్పు కింద ఆడుతుంటే ఆ మోత మనిషిని ఊరికే వదలదు. అయితే అది ఒక్క దెబ్బన తీసుకుపోలేదు. ముందు పిచ్చుకల కిచకిచలు పోయాయి. తర్వాత ఫోను మోగడం పోయింది. ఆ తర్వాత సన్నటి గొంతులు పోయాయి, అంటే ఇంట్లో ఆడవాళ్ళ గొంతులు. ఇప్పుడు ఏదో శబ్దం అవుతోందని తెలుస్తుంది గానీ అందులో మాట ఏదో తెలియదు. కార్ఖానాలో అతను మాస్టర్. సాంచా పాడైతే అరచెయ్యి దాని చట్రం మీద ఆనించి, కళ్ళు మూసుకుని, అదురు తేడా పట్టుకుని రోగం చెప్పేస్తాడు. చూసినవాళ్ళు అదేదో విద్య అనుకుని ముక్కున వేలేసుకుంటారు. అతని చెయ్యే అతని చెవి అని తెలిసిన మనిషి లోకంలో పద్మారాణి ఒక్కతే.

మరి మిగతావాళ్ళకు ఇన్నేళ్ళూ ఎలా తెలియలేదంటే, చెప్పడానికే సిగ్గేస్తుంది. ఇంట్లో ఆడవాళ్ళు నాలుగుసార్లు పిలిస్తే గానీ మగవాడు పలకకపోవడం ఎవరికీ రోగంలా తోచలేదు. కూతురు అడిగినదానికి జవాబు రాకపోతే బాపుకు కోపంగా ఉంది కాబోలు అనుకుంది. భార్య మాట్లాడుతుంటే లేచి వెళ్ళిపోతే మగవాడు అంతే కదా అనుకున్నారు చుట్టుపక్కలవాళ్ళు. అదే పని పద్మారాణి చేసి ఉంటే, వారం తిరక్కుండా చెవుల డాక్టరు దగ్గరికో, పిచ్చి డాక్టరు దగ్గరికో తోలి ఉండేవాళ్ళు.

ఎనిమిదేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం ఒట్టు పెట్టించుకున్నాడు. హారతికి పదమూడేళ్ళు. జ్వరంతో మంచం మీద పడుకుని ఉంది. కార్ఖానాలో పాత మాస్టర్ రాంప్రసాద్‌కు చెవులు పోయాయని తెలిసి, సేఠ్ అతన్ని గేటు దగ్గర కాపలా కూర్చోబెట్టాడు. పోరగాళ్ళు వెనుక నుంచి వచ్చి చప్పట్లు కొట్టి నవ్వేవాళ్ళట. ఖాళీ అయిన మాస్టర్ కుర్చీ సోమలింగానికే వచ్చింది. అతనూ రెండు రోజులు అందరితో కలిసి నవ్వాడు. మూడో రోజు ఇంటికి వచ్చి, భార్య చెయ్యి పట్టుకుని, నిద్రపోతున్న పిల్ల తల మీద పెట్టి, "బిడ్డ మీద ఒట్టు. నా చెవుల ముచ్చట నీ నోట్లకెళ్ళి రావద్దు" అన్నాడు. పిల్ల నుదురు కాలిపోతోంది. పద్మారాణి సరే అంది. అలాంటి సమయంలో కాదనే తల్లి ఎవరుంటారు?

ఆనాటి నుంచి ఆమె ఒక కొలువులో చేరింది. జీతం లేని, సెలవు లేని, చేస్తున్నట్టు కూడా ఎవరికీ కనపడకూడని కొలువు. ఎవరు ఏమన్నా ఆ మాటనే తిరిగి తను అర్థంకానిదానిలా అడగాలి, అతను పెదాలు చూసి అందుకుంటాడు. బండి మీద వెళ్తుంటే వెనుక కూర్చుని చేతులు అతని భుజాల మీద ఉంచాలి. ఎడమ పక్క నుంచి బండి వస్తే ఎడమ భుజం నొక్కాలి, కుడి పక్క నుంచి వస్తే కుడి భుజం. రెండూ నొక్కితే ఆగమని. వీపు మీద ఒక్కసారి తడితే ఎవరో ఏదో అడిగారు, ఆఁ అనమని. ఇది వాళ్ళు కొత్తగా కనిపెట్టిందేమీ కాదు. సాంచాల మధ్య మాట వినపడదు కాబట్టి అక్కడ పనిచేసేవాళ్ళు ఒకరినొకరు తట్టుకునే పిలుచుకుంటారు. పెళ్ళైన కొత్తలో పద్మారాణి అదే కార్ఖానాలో కండెలు చుట్టేది. ఆ తట్టడం అక్కడ నేర్చుకున్నదే.

ఆమె లేకుండా అతను బండి తియ్యడు. కార్ఖానా దగ్గరే కాబట్టి నడిచిపోతాడు. ఇంకెక్కడికి పోవాలన్నా, "ఏమేయ్, నడువు" అంటాడు. వండుతున్న కూర దించి, కుడుతున్న బట్ట పడేసి, జ్వరంలో ఉన్నా సరే, నడవాలి. గల్లీలో ఆడవాళ్ళు "ఎంత ప్రేమనే పద్మా నీ మీద, విడిచి గడియసేపు ఉండడు" అని కుళ్ళుకునేవాళ్ళు. అత్త నర్సవ్వ ఊరి నుంచి వచ్చినప్పుడల్లా వేరే పాట ఎత్తుకునేది. "నడి బజార్ల మొగని భుజాల మీద చేతులేసుకోని ఊరేగుతున్నవు, సిగ్గు శరం లేదానే?" పద్మారాణి దానికీ నోరు మెదపలేదు, దీనికీ మెదపలేదు. సిగ్గులేనిదానిగా, మొద్దుగా పేరు పడ్డా ఇల్లు గడుస్తోంది కదా అనుకుంది. తన మంచితనం మీద తనకు కొంచెం మురిపెం కూడా ఉండేది. ఆ మురిపెం మూడు వారాల కిందట కామ్‌రేజ్ రోడ్డు మీద పోయింది.

ఆ రోజు సోమలింగం చిన్నాయన కొడుకు బిక్షపతి కొత్త ఇంట్లో పాలు పొంగించారు. పొద్దున పోయేటప్పుడు హైవే మీద లారీలు, బస్సులు, కంటైనర్లు. అక్కడికి చేరేసరికి పద్మారాణి వేళ్ళు కొయ్యబారిపోయాయి. భోజనాల దగ్గర ఎవరో, "వదినె అసలు మాట్లాడదేందే అన్నా?" అన్నారు. ఆమె అలవాటుగా ఆ మాట తిరిగి అనేలోపే అతను వాళ్ళ పెదాలు చూసి అందుకున్నాడు. "మా ఇంటిదా? బండికి వెనుక కట్టుకున్న మూట. మాట లేదు, ముచ్చట లేదు. ఉత్తగ పెట్రోలు దండగ." పంక్తిలో అందరూ నవ్వారు. విస్తరి ముందు కూర్చున్న పిల్లలు కూడా నవ్వారు. ఆమె చేతిలోని ముద్ద నోటి దాకా పోలేదు.

తిరిగి వచ్చేటప్పుడు ఆమె చేతులు భుజాల మీద పెట్టలేదు. సీటు వెనుక ఉండే ఇనుప కడ్డీ పట్టుకుంది. మూట అన్నావు కదా, మూటకు చేతులుండవు అనుకుంది. కొంత దూరం ఏమీ కాలేదు. తర్వాత ముందు ఒక గుంత వచ్చింది. దాన్ని తప్పించడానికి అతను కుడికి తిప్పబోయాడు. సరిగ్గా అప్పుడే వెనుక, కుడి పక్కన, ఒక టెంపో. హారన్ విన్నది పద్మారాణి. ఒకసారి కాదు, నాలుగుసార్లు కొట్టాడు. చెయ్యి కడ్డీ మీంచి భుజం మీదికి పోవడానికి రెప్పపాటు చాలు. ఎనిమిదేళ్ళుగా పోతూనే ఉంది. ఆ ఒక్కసారి మాత్రం ఆమె పోనివ్వలేదు. తెలియనీ, ఒక్కసారి తెలియనీ అనుకుంది.

టెంపో హ్యాండిల్‌ను రాసుకుంటూ పోయింది. ఇద్దరూ రోడ్డు పక్కన మట్టిలో పడ్డారు. ఆమె మోకాలు చీరుకుపోయింది, అతని మోచెయ్యి దోక్కుపోయింది. ప్రాణాలకేమీ కాలేదు. టెంపో అతను పారిపోలేదు. ఆపి, దిగి, పరుగెత్తుకుంటూ వచ్చాడు. నెరిసిన జుట్టు, మెడలో తువ్వాలు, ఒరిస్సా మనిషిలా ఉన్నాడు. వచ్చి పద్మారాణిని లేపబోయాడు. అప్పటికే జనం పోగయ్యారు. సోమలింగం లేస్తూనే "హారన్ కొట్టవా రా?" అని అతని చెంప మీద కొట్టాడు. ఒకరు మొదలుపెడితే ఆగుతుందా? ఎవరెవరో కొట్టారు. అతని కళ్ళద్దాలు కిందపడి ఎవరి చెప్పు కిందో పటపటమన్నాయి. ఆ మనిషి చేతులు అడ్డం పెట్టుకుని, జనం సందుల్లోంచి పద్మారాణి వైపే చూశాడు. "దీదీ, మైనే హారన్ దియా థా. ఆప్‌నే తో సునా హోగా. బోలియే నా!" మీరు వినే ఉంటారు, చెప్పండి అని.

అందరూ ఆమె వైపు చూశారు. ఆమె నేల వైపు చూసింది.

"ముఝే నహీ మాలూమ్. మై సో గయీ థీ" అంది. నిద్రపోయానని.

ఇంకో రెండు దెబ్బలు పడ్డాయి.  ఆ మనిషి వంగి కళ్ళద్దాల ముక్కలు ఏరుకుని చొక్కా జేబులో వేసుకుని వెళ్ళిపోయాడు.

ఆనాటి నుంచి సోమలింగం ఇంటికి ఎవరొచ్చినా, "బండి మీద నిద్రపోయే ఆడదాన్ని దీన్నే చూసిన" అని చెప్పి నవ్విస్తున్నాడు. పద్మారాణి తల వంచుకుని చాయ్ అందిస్తోంది. నిద్రమొహం అనే పేరు చవకగా వచ్చింది. అసలు పేరు ఏదో ఆమెకు తెలుసు. పిండి కలుపుతుంటే ఆ మొహం, దారాలు తెంపుతుంటే ఆ మొహం. మొగుడి మీద కోపం మొగుడి మీద చూపే ధైర్యం లేక ఎవరో ముసలాయన చెంపల మీద చూపింది. తన్నులు తిన్నవాడికి సాక్షి తను, తప్పుకున్నదీ తనే. మోకాలి గాయం మానింది. అద్దం ముందు నిలబడి బొట్టు పెట్టుకునేటప్పుడు మాత్రం ఆమె తన కళ్ళలోకి తాను చూసుకోవడం మానేసింది.

ఇప్పుడు ఆ సీటు మీద హారతి కూర్చోబోతోంది.

పదకొండింటికి ముగ్గురూ ఉధ్నా వైపు బైకు సామాన్ల దుకాణానికి పోయారు. హారతి షేర్ ఆటోలో, వీళ్ళిద్దరూ బండి మీద. దారి పొడవునా పద్మారాణి వేళ్ళు అతని భుజాల్లో దిగబడే ఉన్నాయి. "ఏందే, గట్ల నొక్కుతున్నవు, భుజం ఊడేటట్టుంది" అన్నాడు. గొంతులో కోపం లేదు. ఏదో సంబరం ఉంది. అతను ఎందుకు సంబరపడుతున్నాడో ఆమెకు అర్థమైంది. ఆ యంత్రం స్పీకరు నేరుగా చెవిని ఆనుకుని ఉంటుందట. అంత దగ్గర నుంచి, అంత గట్టిగా అయితే వినపడుతుందేమోనని ఆశ. బిడ్డ గొంతు విని ఎన్నేళ్ళయిందో మరి. అది తెలిసి పద్మారాణికి అతని మీద జాలి వేసింది. జాలి వేసినందుకు తన మీద తనకు ఒళ్ళు మండింది.

దుకాణం సేఠ్ గుజరాతీ, నోరు మంచివాడు, సామాను తెలిసినవాడు. ఒక్కో డబ్బా విప్పి హిందీలో చెప్పుకుపోయాడు. ఇది ఒక్కరికే, పాటలకు, ఫోనుకు. ఇది జోడి, ముందున్నవాళ్ళు, వెనుకున్నవాళ్ళు మాట్లాడుకోవడానికి. ఈ చవకది గాలికి మాట కొట్టుకుపోతుంది, బండి జోరందుకుంటే గాలి హోరే తప్ప ఏమీ వినపడదు. ఈ రెండోది గాలి మోతను వడగట్టి మాట మాత్రమే పంపిస్తుంది. వానకు తడిసినా పాడవదు. మొహం తెరిచి ఉండే హెల్మెట్ అయితే కొమ్మలా ముందుకు వచ్చే మైకు పెట్టాలి, గడ్డం దాకా మూసి ఉండేదైతే చిన్న గుండీ మైకు లోపల నోటి ఎదురుగా అతికిస్తే చాలు. స్పీకరు మాత్రం సరిగ్గా చెవి రంధ్రానికి ఎదురుగా ఉండాలి, వేలెడు పక్కకు పోయినా ఎంత ఖరీదైనదైనా దండగే. సేఠ్ మాట్లాడుతున్నంతసేపూ పద్మారాణి భర్త ముందు నిలబడి, "ఏందంట? గాలికి మాట పోతదంటనా? చెవి ముంగటనే ఉండాల్నంటనా?" అని తిరిగి అప్పజెబుతూనే ఉంది. ఒకసారి సేఠ్ కూడా నవ్వాడు. "బెహన్, మీకు హిందీ రాదా?" అని అడిగాడు. సూరత్‌లో ఇరవై మూడేళ్ళుగా బతుకుతున్న మనిషి చీర కొంగు సర్దుకుంది. హారతి సిగ్గుతో మొహం పక్కకు తిప్పుకుంది.

"ఒక్క మాట" అన్నాడు సేఠ్ చివర్లో. "సౌండు మరీ పెద్దగా పెట్టుకోవద్దు మాస్టర్‌జీ. రోడ్డు మీద ఒక చెవి ఎప్పుడూ వెనుక వచ్చే బండి మీదే ఉండాలి."

ఈ ఒక్క మాట పద్మారాణి తిరిగి చెప్పలేదు. 

గడ్డం దాకా మూసుకుపోయే నల్ల హెల్మెట్లు రెండు ఎంచింది హారతి. సేఠ్ రెండింటిలోనూ జోడి బిగించాడు. ముందు పాట పెట్టి సోమలింగం తల మీద పెట్టాడు. సోమలింగం సౌండు గుండీ ఆఖరి దాకా నొక్కాడు. తర్వాత అరచెయ్యి ఎత్తి, హెల్మెట్ పక్కన ఆనించి, కళ్ళు మూసుకున్నాడు. సేఠ్ అది గట్టిదనం చూస్తున్నాడనుకున్నాడు. సాంచా మీద పెట్టినట్టే చెయ్యి పెట్టాడని పద్మారాణికి ఒక్కతికే తెలిసింది. తబలా దెబ్బ చేతికి తగిలి ఉంటుంది. "మస్తుగుంది" అన్నాడు.

"ఇగ మాట్లాడి చూద్దం బాపూ!" అని హారతి రెండో హెల్మెట్ పెట్టుకుని, గెంతుకుంటూ రోడ్డు దాటి అవతల చెట్టు కింద నిలబడింది. సోమలింగం దుకాణం ముందు తన బండి మీద, ఆ పిల్లకు వీపు పెట్టి కూర్చున్నాడు. పద్మారాణి అతని పక్కన. అతని హెల్మెట్‌లోంచి కూతురి గొంతు సన్నగా బయటికి కారడం ఆమెకే వినపడుతోంది. "బాపూ, వినొస్తుందా? బాపూ?"

సోమలింగం కళ్ళు మూసుకుని ఉన్నాడు. కనుబొమలు ముడిచి, ఏదో బావిలోంచి తోడుతున్నట్టు వింటున్నాడు. మళ్ళీ పిలిచింది పిల్ల. అరచెయ్యి హెల్మెట్ మీద పెట్టాడు. మనిషి గొంతు చేతికి అందేంత బరువు ఉండదు. కళ్ళు తెరిచి పద్మారాణి వైపు చూశాడు. ఆ చూపులో సంబరం ఆరిపోయింది. దాని జాగాలో ఆమెకు బాగా తెలిసినది వచ్చి కూర్చుంది, ఎనిమిదేళ్ళుగా తెలిసిన ఆజ్ఞ.

ఆమె చెయ్యి దానంతటదే లేచింది. వీపు మీద ఒక్కసారి తట్టింది.

"ఆఁ, మంచిగ వినొస్తుంది బిడ్డా!" అన్నాడు.

అవతల హారతి ఎగిరింది. "ఏడింటికి బయల్దేరుదమా?" తట్టింది. "ఆఁ." "వంతెన మీద బండ్లుంటయ్, నేను వెనుక నుంచి చూసి చెప్త, నువ్వు ముంగటే చూడు, సరేనా?" తట్టింది. "ఆఁ, సరే." "వానొస్తే ఏం చేద్దం?" పద్మారాణి పెదాలతో అతనికి అందించింది. "అప్పుడు సూద్దం తియ్" అన్నాడు సోమలింగం. అంతా సరిగ్గా కుదిరింది. ఎనిమిదేళ్ళ పనితనం మరి.

హారతి రోడ్డు దాటి వచ్చింది. మొహం వెలిగిపోతోంది. "అమ్మా, ఎంత క్లియర్‌గుందో! బాపు ఫస్ట్ టైమ్ నా మాటలన్నిటికి జవాబిచ్చిండు, తెలుసా?" అని తల్లిని పట్టుకుని ఊపేసింది. సోమలింగం హెల్మెట్ తీసి గల్లా మీద పెట్టి, "ప్యాక్ చేయమను" అన్నాడు. సేఠ్ డబ్బాలు వెతకడానికి వంగాడు.

పద్మారాణికి భూమి చీలితే బాగుండుననిపించింది. టెంపో ముసలాయన్ని కొట్టించినప్పుడు కోపంలో ఉన్నాననైనా చెప్పుకోవచ్చు. ఇప్పుడు కోపం కూడా లేదు. చల్లగా, తెలివిగా, కన్నబిడ్డ మొహం చూస్తూ మోసం చేసింది. నేను వెనుక నుంచి చూసి చెప్త అంది పిల్ల. రేపు వంతెన మీద ఆ యంత్రాన్ని నమ్మి చెబుతుంది. కుడి పక్క లారీ బాపూ అంటుంది. అతను ఆఁ అని కూడా అనడు. బిడ్డ మీద ఒట్టు అంటే అర్థం ఇదేనా? ఒట్టు తప్పితే బిడ్డకు ఏదో అవుతుందని ఇన్నేళ్ళు భయపడింది. నిలబెట్టుకుంటే ఏమవుతుందో ఎన్నడూ ఆలోచించలేదు. తనమీద తనకు అసహ్యం వేసింది.

"నాకు జర చూడనీ" అంది.

"నీకెందుకే?" అన్నాడు సోమలింగం.

ఆమె వినిపించుకోలేదు. హారతి చేతిలోని హెల్మెట్ తీసుకుని తల మీదికి లాక్కుంది. కొప్పు అడ్డం వస్తే జుట్టు విప్పేసింది. గల్లా మీదున్న రెండోది తీసి కూతురి తల మీద పెట్టింది. నల్లటి గడ్డం తన నోటిని పూర్తిగా కప్పేసింది. సోమలింగం అడుగు దూరంలోనే నిలబడి ఆమె మొహంలోకి చూస్తున్నాడు. అతనికి కళ్ళు తప్ప ఏమీ కనపడవు. ఎనిమిదేళ్ళలో మొదటిసారి అతని ఎదుట, అతనికి అందకుండా, ఆమె నోరు విప్పగలదు.

"హారతీ" అంది.

పిల్ల ఉలిక్కిపడి హెల్మెట్ పట్టుకుంది. "అబ్బ! ఎంత సౌండ్! చెవులు పగిలిపోతయ్. బాపు దీంట్లనే విన్నడా?" అంటూ గుండీ నొక్కి తగ్గించుకుంది.

"తగ్గించుకో బిడ్డా. తగ్గించుకోని నా మాట విను. బాపు దిక్కు చూడకు, నన్నే చూడు." హెల్మెట్ గడ్డాన్ని నోటికి దగ్గరగా అదుముకుంది.  "బాపుకు నీ మాట ఒక్కటి గూడ వినపడలే. నేను వీపు మీద తట్టిన, ఆయన ఆఁ అన్నడు. వానొస్తే ఏంజేద్దమంటే నేను నోటితోటి చూపెట్టిన. ఆయనకు చెవులు పోయి ఎనిమిదేండ్లయింది. నేను చెప్పిందే చెప్తనని నవ్వుతవు కద, గందుకే చెప్త. నీ తల మీద చెయ్యి పెట్టి ఒట్టేసిన, ఎవ్వలకు చెప్పనని."

 పద్మారాణి చెయ్యెత్తి ఆ పిల్ల హెల్మెట్ మీద పెట్టింది, ఆనాడు పెట్టిన చోటే.

"ఇంకోటున్నది. కామ్‌రేజ్ రోడ్డు మీద నేను నిద్రపోలే. హారన్ విన్న. నాలుగుసార్లు కొట్టిండాయన. నన్ను మూట అన్నడని కోపం పట్టి కావాల్నని తట్టలే. ఆ ముసలాయన నన్నే అడిగిండు, దీదీ చెప్పు అని. నిద్రల ఉన్ననన్న. నా కండ్ల ముంగట కొట్టిన్రు బిడ్డా. నా తప్పు దాసుకోని ఆయన్ను కొట్టించిన." ఊపిరి తీసుకుంది. "నీకు నా మొహం చూడబుద్ధి కాకపోతే చూడకు. రేపు మాత్రం బాపు బండి ఎక్కకు. ఆటోల పో. నేనొచ్చి ఎక్కిస్త."

చెప్పడం అయిపోయింది. బరువు దిగినట్టేమీ అనిపించలేదు. నడి బజారులో బట్టలు జారిపోయినట్టే అనిపించింది. అయినా చెయ్యి తియ్యలేదు.

హెల్మెట్ అద్దం వెనుక హారతి కళ్ళు తల్లి మీదే ఉన్నాయి. వాటిలో ఏముందో పద్మారాణి చదవలేకపోయింది, చదవడానికి ధైర్యం చాల్లేదు. తర్వాత ఆ పిల్ల మెల్లగా హెల్మెట్ తీసింది. నడిచి తండ్రి వెనుకకు పోయింది. మూరెడు దూరంలో నిలబడి, "బాపూ" అంది.

సోమలింగం గల్లా మీది డబ్బా తిప్పి చూస్తున్నాడు.

"బాపూ!" ఈసారి గట్టిగా. హెల్మెట్లు చూస్తున్న ఇద్దరు కుర్రాళ్ళు వెనక్కి తిరిగారు. డబ్బా వెతుకుతున్న సేఠ్ తలెత్తాడు. రోడ్డు మీద చెరకు రసం బండివాడు కూడా చూశాడు.

"బాపూ!!"

హారతి గొంతు పగిలింది. సోమలింగం డబ్బా మీది బొమ్మ చూస్తూనే ఉన్నాడు. కాసేపటికి తన చుట్టూ అందరూ తనవైపే చూస్తున్నారని పసిగట్టాడు. నవ్వబోయి ఆగాడు. సేఠ్‌ను చూశాడు, కుర్రాళ్ళను చూశాడు. తిరిగి చూస్తే వెనుక కూతురు, బుగ్గల మీద నీళ్ళు. ఎటూ తోచక, ఎప్పుడూ తిరిగినట్టే పద్మారాణి వైపు తిరిగాడు.

"ఏందట? ఏమంటుందే పిల్ల?"

అతని కళ్ళు అలవాటుగా ఆమె నోటి కోసం వెతికాయి. ఆమె చెయ్యి అలవాటుగా అతని భుజం వైపు లేచింది. సగం దూరం పోయి ఆగింది. దాన్ని వెనక్కి తెచ్చి, రెండో చేతిలో పెట్టి పట్టుకుంది.

"ఏందే? చెప్పవేందే?" అన్నాడు సోమలింగం.

పద్మారాణి హెల్మెట్ తియ్యలేదు.